కబేళాకు తాళం వేసి లైసెన్సు అడిగితే ఎలా?

ఆదివారం ఉదయం ఫజ్ర్ నమాజు ముగించుకొని, సంచి పట్టుకొని మాంసం మార్కెట్టుకు వెళ్ళడం నాకు నలభై ఏళ్ళుగా అలవాటు. మాది రాయలసీమలో ఒక పాత పురపాలక పట్టణం. మార్కెట్టు కూడా పాతదే. రాతి గోడలు, రేకుల కప్పు, వరుసకు ఎనిమిది చొప్పున రెండు వరుసల గదులు. ప్రతి గది ముందర ఒక చింతమొద్దు, పైన ఇనుప కొక్కేలు. తక్కెడలు పోయి ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి గాని తక్కినదంతా నా చిన్ననాడు ఎట్లా ఉన్నదో అట్లాగే ఉన్నది. నడుమ ఒక కొళాయి ఉన్నది. అందులో నీరు రాదు. పక్కనే మురుగుకాలువ ఉన్నది, అది పారదు.

మాంసం కొనడం కూడా ఒక విద్యేనని మా నాన్నగారు అనేవారు. కొవ్వు తెల్లగా ఉన్నదా, పసుపు తిరిగినదా. కండ వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేస్తున్నదా. మేకపోతుదా, పొట్టేలుదా తెలిసేలా తోక వదిలారా లేదా. ఇవన్నీ చూడనిదే ఆయన సంచి తెరిచేవారు కాదు. నేను అదే నేర్చుకొన్నాను. ఇప్పుడు మా మనుమడికి నేర్పుతున్నాను. కిలో మాంసం 800 రూపాయలు దాటిన కాలంలో ఈ విద్య మరింత అవసరం.

పోయిన నెల ఒక ఆదివారం వెళ్ళేసరికి గేటుకు ఒక నోటీసు అంటించి ఉన్నది. మా ఇంటికి ఏళ్ళ తరబడి మాంసం ఇస్తున్న ఖురేషీ సోదరుడు నన్ను చూడగానే కత్తి కింద పెట్టి, "భాయ్‌సాబ్, మీరు ఆఫీసులో పనిచేసినవారు. ఇందులో ఏమి రాశారో చదివి చెప్పండి" అన్నాడు. చదివాను. ప్రతి దుకాణదారుడు పదిహేను రోజులలోగా ఆహార భద్రతా లైసెన్సు చూపవలెను. గుర్తింపు పొందిన పశువధశాలలో కోసి, పశువైద్యుని ముద్ర పడిన మాంసమే విక్రయించవలెను. లేనియెడల గదులకు సీలు వేయబడును. సారాంశం అది.

అంతా విన్న తరువాత ఆయన అడిగినది ఒకే ప్రశ్న. "ముద్ర వేయించుకోవడానికి కబేళా ఎక్కడున్నది, భాయ్‌సాబ్?"

మా పట్టణపు కబేళాకు పదకొండేళ్ళ క్రితమే తాళం పడింది. గోడ కూలినదని మూశారు. మరమ్మతు చేసి తెరుస్తామన్నారు. తెరవలేదు. అప్పటి నుండి ఎవరి ఇంటి వెనుక వారు, ఎవరి గది వెనుక వారు కోసుకొంటున్నారు. పదకొండేళ్ళు దీనిని చూసీ చూడనట్లున్న కార్యాలయానికి ఒక ఉదయం హఠాత్తుగా చట్టం గుర్తుకు వచ్చినది.

ఇది ఒక్క మా ఊరి కథే అయితే ఈ పత్రికలో ఇంత చోటు అడిగేవాడిని కాను. కబేళా కట్టవలసినది ఒకరు, అది లేనందుకు నేరస్థుడిగా నిలబడవలసినది మరొకరు. ఈ వింత అనేక పట్టణాలలో జరుగుతున్నది. మాంసం మార్కెట్టు శుభ్రంగా, చట్టబద్ధంగా నడవడం మనకు ఎవరో చేసే ఉపకారం కాదు. అది పౌరులుగా మన హక్కు. ఆ హక్కును మనం అడిగిన తీరులోనూ లోపాలున్నాయి. ఈ రెంటి గురించీ చెప్పదలచాను.

ఫైలు కదలని చోట

ఉద్యోగరీత్యా నేను పనిచేసిన కార్యాలయాలలో ఒకదానిలో కొన్నేళ్ళపాటు మార్కెట్ల సీటు నా చేతిలో ఉండేది. కనుక ఫైలు లోపల ఏమి జరుగుతుందో నాకు కొంత తెలుసు.

ఏటా మార్చి లోపల మార్కెట్టు ఆశీళ్ళకు వేలంపాట జరుగుతుంది. పాట పాడుకొన్న గుత్తేదారు జీవానికి ఇంతని, గదికి ఇంతని వసూలు చేస్తాడు. ఆ పాట సొమ్ము పురపాలక సాధారణ నిధిలో జమ అవుతుంది. ఈ ఫైలు ఏ ఏడూ ఆగదు. దీనితోపాటు అదే బీరువాలో మరొక ఫైలు ఉంటుంది. అది కబేళా మరమ్మతు ఫైలు. దుకాణదారుల అర్జీ, ఇంజనీరు అంచనా, ఆరోగ్య విభాగం అభిప్రాయం, వాటి మీద నోట్. "నిధుల లభ్యతను అనుసరించి పరిశీలించవచ్చును" అని నోట్ రాస్తే ఫైలు మళ్ళీ బీరువాలోకి పోతుంది.

అటువంటి నోట్ నా చేతితో కూడా రాశాను. పైవారు రాయమన్నారు, నేను రాశాను. అర్జీ పెట్టినవారిలో మా జమాఅత్ వారూ ఉన్నారు. వారు వచ్చి అడిగితే "పరిశీలనలో ఉన్నది" అని చెప్పి పంపాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. అదే బీరువాలోని మొదటి ఫైలులో మార్కెట్టు నుండి ఏటా ఎంత సొమ్ము వచ్చినదో అంకెలతో సహా ఉన్నది. ఆ అంకెను రెండవ ఫైలులో రాసి, "ఈ మార్కెట్టు సంపాదించిన దానిలో ఇంత భాగం దీనికే ఖర్చు చేయవచ్చును" అని ఒక్క వాక్యం చేర్చి ఉంటే పైవారు కాదనడానికి కనీసం ఒక కారణం వెదుక్కోవలసి వచ్చేది. నేను ఆ వాక్యం రాయలేదు. పదవీ విరమణ చేసిన ఇన్నేళ్ళకు మార్కెట్టు గేటు దగ్గర ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చినది ఆ నోటే.

చట్టం ఇద్దరితోనూ మాట్లాడుతుంది

మన సోదరులలో చాలామందికి చట్టమంటే సీలు వేసేది, జరిమానా విధించేది అనే భయం. చట్టం దుకాణదారునికి బాధ్యతలు పెట్టిన మాట నిజమే. 2001 నాటి పశువధశాలల నియమాల ప్రకారం పట్టణ పరిధిలో గుర్తింపు ఉన్న కబేళాలోనే జీవాన్ని కోయాలి. చూడి జీవాన్ని, మూడు నెలల లోపు పిల్లను కోయరాదు. కోతకు ముందు పశువైద్యుడు పరీక్షించాలి. ఆ పరీక్ష మొక్కుబడిగా సాగకుండా ఒక వైద్యుడు గంటకు 12 జీవాలకు, రోజుకు 96 జీవాలకు మించి చూడరాదని కూడా ఆ నియమాలే చెబుతున్నాయి. ఇవన్నీ మంచి నియమాలు. తినేవాడి ఆరోగ్యానికీ, జీవానికీ మేలు చేసేవి. మతాచారం కోరిన పద్ధతిలో జీవాన్ని కోయడం నేరం కాదని 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 28వ సెక్షను స్పష్టంగా చెప్పినది. కనుక జబహ్ పద్ధతికీ ఈ నియమాలకూ వైరుధ్యం లేదు.

అయితే అదే చట్టం ప్రభుత్వంతోనూ మాట్లాడుతున్నది. 74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. వాటిలో చివరిది కబేళాలు, తోళ్ళ శుద్ధి కేంద్రాల నియంత్రణ. నియంత్రణ అంటే తాళం వేయడం కాదు. 2017లో ఉత్తరప్రదేశ్‌లో కబేళాలు, మాంసం దుకాణాలు మూయించినప్పుడు వ్యాపారులు అలహాబాదు హైకోర్టుకు వెళ్ళారు. ప్రభుత్వం తాను చేయవలసిన పని చేయకుండా, ఆ లోపాన్నే అడ్డు పెట్టుకొని దాదాపు నిషేధం విధించడం తగదన్నది ఆ న్యాయస్థానం అభిప్రాయం. మనిషి తినే ఆహారం అతని జీవించే హక్కుతో ముడిపడి ఉన్నదని కూడా చెప్పినది. మా గేటుకు అంటించిన నోటీసుకు ఇంతకంటే సూటి జవాబు లేదు.

లైసెన్సు సంగతి కూడా చూద్దాం. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన నియమావళి, ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు వ్యాపారం చేసే చిన్నవారికి 100 రూపాయల రుసుముతో రిజిస్ట్రేషను చాలునన్నది. దాటితే లైసెన్సు కావాలన్నది. కిలో 800 చొప్పున లెక్క వేసి చూడండి. 12 లక్షలంటే 1500 కిలోలు. రోజుకు నాలుగు కిలోల పైచిలుకు. పాతిక కిలోల పొట్టేలును కోస్తే సుమారు సగం మాంసం దిగుతుంది. అంటే మూడు రోజులకు ఒక్క పొట్టేలు కోసేవాడు సైతం ఆ లెక్కలో "పెద్ద వ్యాపారి". ధర పెరిగినదే గాని అతని చేతిలో మిగిలేది పెరగలేదు. ఇటువంటి హద్దులు అప్పుడప్పుడు మారుతుంటాయి. దరఖాస్తు పెట్టేనాటికి ఏది అమలులో ఉన్నదో కనుక్కొని పెట్టడం మంచిది.

మార్కెట్టు ఎవరిది?

మాంసం మార్కెట్టు అనగానే అది "సాయిబుల వ్యవహారం" అని తోసివేయడం అధికారులకూ, నాయకులకూ అలవాటు. విచారమేమంటే మనమూ అట్లాగే అనుకొంటున్నాము.

మా మార్కెట్టులో పదహారు గదులున్నాయి. తొమ్మిది ఖురేషీలవి, ఏడు ఆరెకటిక సోదరులవి. రెండు వరుసల నడుమ గోడ లేదు. ఒకరి దగ్గర చిల్లర లేకపోతే మరొకరి గల్లాలోంచి తీసుకొంటారు. మా చుట్టుపక్కల పల్లెలలో హిందూ సోదరుల ఇళ్ళలోనూ ముల్లాను పిలిపించి పొట్టేలు కోయించుకొనే వాడుక ఉండేది. కొన్నిచోట్ల ఇప్పటికీ ఉన్నది. 2014 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ 15 ఏళ్ళు పైబడినవారిలో సుమారు 98 శాతం మంది మాంసాహారులు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, రెండవది ఆంధ్రప్రదేశ్‌ది. ఆ గొర్రెలను కాసేది గొల్ల, కురుమ, కురుబ సోదరులు. వారి పొట్టేలుకు ధర పలికేది మార్కెట్టు నడిస్తేనే. తోలు కొనేవాడు, తలకాయలు, కాళ్ళు కాల్చి ఇచ్చేవాడు, బోటి కడిగి అమ్మే ఆడవారు, వీరందరి పొయ్యి వెలిగేది ఆ పదహారు గదుల మీదనే.

ఆరోగ్యం మాట కూడా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కార్జం, మాంసం ఇనుము దండిగా ఇచ్చే ఆహారాలు. కిలో కొనలేని ఇల్లాలు పావు కిలో కార్జం కొని పిల్లలకు పెడుతుంది. మార్కెట్టు మూతపడితే డబ్బున్నవారు ఫోనులో తెప్పించుకొంటారు. పావు కిలో కొనే ఆమెకు ఇంటికి తెచ్చిచ్చేవారు ఉండరు.

ఇక పెద్దమాంసం సంగతి. పేదవాని ఇంట అదే మాంసం. ముస్లింలే గాక దళిత సోదరులలోనూ అనేకులు తినేది అదే. దీని విషయంలో ఏది చట్టబద్ధమో, ఏది కాదో మన పిల్లలకు తెలియకపోవడం ప్రమాదకరం. మన రెండు రాష్ట్రాలకూ మూలమైన 1977 నాటి చట్టం ఆవును, దూడలను కోయడాన్ని పూర్తిగా నిషేధించినది. ఎద్దు, దున్న, గేదె వంటివాటిని సేద్యానికి, పాడికి, పునరుత్పత్తికి పనికిరావని అధీకృత అధికారి ధ్రువపత్రం ఇస్తేనే కోయవచ్చును. 1958లో హనీఫ్ ఖురేషీ కేసులో సుప్రీంకోర్టు పనికిరాని ఎద్దులు, గేదెల కోతపై సంపూర్ణ నిషేధం చెల్లదన్నది. 2005లో గుజరాత్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఎద్దులపై పూర్తి నిషేధాన్ని కూడా సమర్థించినది. కనుక ఇది రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటుంది. పక్క రాష్ట్రంలో చెల్లినది ఇక్కడ చెల్లుననుకోరాదు. 2017 మే నెలలో కేంద్రం సంతలలో కోతకు పశువుల అమ్మకాన్ని అడ్డుకొంటూ తెచ్చిన నియమాలు మద్రాసు హైకోర్టులోనూ, జులైలో సుప్రీంకోర్టు ద్వారా దేశమంతటా నిలిచిపోయాయి. ఆ పోరాటంలో ఖురేషీల సంఘం ముందు నిలిచినది. కోర్టుకు వెళ్ళడం దండగ అనేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

దారిలో బండి ఆపి కొట్టే మూకలకు ధ్రువపత్రం అక్కరలేదన్నది నిజమే. కాని బండిలో సంత రసీదు, ధ్రువపత్రం, రవాణా కాగితాలు ఉంటే రేపు పోలీసుల ముందు, కోర్టు ముందు నేరం ఎవరిదో తేలుతుంది. లేకుంటే దెబ్బలు తిన్నవాడే ముద్దాయి అవుతాడు.

పండుగల పేరిట దుకాణాలు మూయించే ఉత్తర్వుల గురించీ ఒక మాట. అహమ్మదాబాదులో జైనుల పర్వం సందర్భంగా తొమ్మిది రోజులు కబేళాలు మూయడాన్ని 2008లో సుప్రీంకోర్టు సమర్థించినది. అది కొద్దికాలమే కనుక సమంజసమన్నది. ఎవరు ఏమి తింటారన్నది వారి సొంత విషయమనీ, దీర్ఘకాలం మూసివేత అయితే వేరుగా చూడవలసి వచ్చేదనీ అదే తీర్పులో చెప్పినది. పొరుగువారి మనసును గౌరవించి ఒకటి రెండు రోజులు మూయడానికి మనకు అభ్యంతరం ఉండరాదు. ఆ రోజులేవో ఏడాది మొదటనే ప్రకటించాలని, రాత్రికి రాత్రి నోటి మాటతో మూయించరాదని అడగడం న్యాయం.

మన ఇంటిని కూడా చక్కదిద్దుకోవాలి

హక్కు అడిగేవాడు తన ముంగిలి ఊడ్చుకోవాలి. మా మార్కెట్టు మురుగుకాలువ పారకపోవడానికి పురపాలక సంఘం ఎంత కారణమో, పేగులు, బొచ్చు అందులోనే పారవేసే మనమూ అంతే కారణం. బక్రీద్ నాడు ఖుర్బానీ వ్యర్థాలను వీధి మొగలో వదలి, "ఏడాదికి ఒక్కనాడే గదా" అని సరిపెట్టుకొంటాము. పొరుగింటివాడు ముక్కు మూసుకొని వెళ్ళిన ఆ ఒక్కనాడే మన మీద ఏడాదికి సరిపడా మాట పడుతున్నది.

ఖుర్ఆన్ ఆహారం గురించి చెప్పేటప్పుడు హలాల్ అన్న మాట పక్కనే తయ్యిబ్ అన్న మాట చెప్పినది. తయ్యిబ్ అంటే మంచిది, పరిశుద్ధమైనది. మనం మొదటి మాట పట్టుకొని రెండవ మాట విడిచిపెట్టాము. కత్తి పదునుగా ఉంచాలని, కోసే జీవాన్ని బాధపెట్టరాదని ప్రవక్త (స) బోధించారు. మొండి కత్తితో, ఒక జీవం చూస్తుండగా మరొకదాన్ని కోసి, దాన్ని హలాల్ అని అమ్మితే ఆ బోధ ఎక్కడ మిగిలినది? తూనికలో తగ్గించేవారిని హెచ్చరిస్తూ ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉన్నది. కాటా మీద ఎముకో కొవ్వో అదనంగా నెట్టే చేయి ఆ సూరాను మరచిన చేయి.

ఇంకొకటి, చెప్పడానికి కష్టమైనది. ఖురేషీ సోదరుని మాంసం మనకు కావాలి. ఆయన ఇంటి పిల్లతో సంబంధం మాత్రం వద్దు. "కసాయివాళ్ళు" అని ముఖం తిప్పుకొనే పెద్ద కుటుంబాలను నేను నిఖా మాటల దగ్గర చూశాను. ఆ మాట అనేవారే ఆయన గదికి సీలు పడినప్పుడు "ముస్లింలకు అన్యాయం" అని ప్రసంగిస్తారు. అరగంట అర్జీ రాసిపెట్టడానికి మాత్రం వారికి తీరిక ఉండదు. 2007 చట్టంతో వచ్చిన బి.సి. 'ఇ' జాబితాలో ఖురేషీలు, ఖసబ్‌లు ఉన్నారు. ఆ ధ్రువపత్రం తెప్పించుకొని పిల్లలను చదివించుకోవడంలో వారికి తోడుగా నిలిచినవారు మనలో ఎందరు?

చేయవలసినది

మా జమాఅత్‌లో కూర్చొని మేము అనుకొన్న పనులు ఇవి. ఏవీ గొప్పవి కావు.

మొదటిది, సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు. గడచిన పదేళ్ళలో మాంసం మార్కెట్టు ఆశీళ్ళ పాట సొమ్ము ఏటా ఎంత, అందులో మార్కెట్టుకు, కబేళాకు ఖర్చు పెట్టినది ఎంత, మరమ్మతు అంచనా ఏ తేదీన తయారైనది, ఇప్పుడు ఫైలు ఎవరి దగ్గర ఉన్నది. 30 రోజులలో జవాబు రావాలి. "పరిశీలనలో ఉన్నది" అన్న మాటకు తేదీ ఉండదు. అందుకే తేదీలు అడగాలి.

రెండవది, నోటీసుకు లిఖితపూర్వకంగా బదులు. లైసెన్సుకు దరఖాస్తు చేసినామని, ముద్ర వేయించుకోవడానికి సిద్ధంగా ఉన్నామని, కబేళా తెరిచే వరకు పశువైద్యుడు వచ్చి పరీక్షించేలా తాత్కాలిక స్థలం చూపమని. పదహారు గదులవారూ కలిసి సంతకం చేయాలి. తొమ్మిదిమంది సంతకం చేస్తే అది మతం అర్జీగా కనబడుతుంది. పదహారుమంది చేస్తే మార్కెట్టు అర్జీ అవుతుంది. దానితోపాటు సంతకు పొట్టేళ్ళు తోలే గొర్రెలకాపరుల సంతకాలూ, కొనుగోలుదారుల సంతకాలూ.

మూడవది, మన వంతు. వ్యర్థాలకు మూత ఉన్న డ్రమ్ములు, వారానికి ఒకనాడు మొద్దులు ఉప్పుతో రుద్ది వేడినీళ్ళతో కడగడం, మాంసానికి ఈగ వాలకుండా జాలీ. హైదరాబాదు శివారున చెంగిచర్లలో మాంసంపై పరిశోధన చేసే జాతీయ సంస్థ ఉన్నది. శుభ్రమైన కోత, నిలువ పద్ధతులలో శిక్షణ ఇస్తుంది. ఖురేషీ, కటిక యువకులను ఇద్దరినిద్దరిని పంపే ఖర్చు జమాఅత్ భరించడానికి ఒప్పుకొన్నది.

అర్జీ నేనే రాశాను. రాసేటప్పుడు ఆనాడు నోట్‌లో వదలివేసిన వాక్యాన్ని ఇందులో మొదటి పేరాలోనే పెట్టాను. పదహారు సంతకాలూ పడ్డాయి. ఆరెకటిక పెద్దాయన వేలిముద్ర వేస్తూ, "సాయిబూ, ఇన్నాళ్ళూ ఇది మీ గొడవనుకొన్నా" అన్నాడు. "నేనూ ఇది మీ ఇద్దరి గొడవనుకొన్నాను, పెద్దాయనా" అన్నాను.

ఈ రచన అచ్చయ్యే నాటికి గడువు ముగుస్తుంది. గదులకు సీలు పడుతుందో, కబేళా తాళం తెరుచుకొంటుందో చెప్పలేను. సీలు పడితే హైకోర్టుకు వెళ్ళడానికి కాగితాలన్నీ వరుస తప్పకుండా ఒక కవరులో పెట్టి ఉంచాను. మీ ఊరి మార్కెట్టుకు కూడా రేపోమాపో ఇటువంటి నోటీసు రావచ్చును. వచ్చేదాకా ఆగవద్దు. ఈ ఆదివారం మాంసం తెచ్చుకొనేటప్పుడు కబేళా తెరిచి ఉన్నదా, కొళాయిలో నీరు వస్తున్నదా అని ఒక్కసారి చూడండి. లేకపోతే అర్జీ రాయండి. ఇచ్చినప్పుడు తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోవడం మాత్రం మరువకండి.